చలికాలంలో కారు కిటికీలకు వైజర్లు

శ్రోతలకు నమస్కారం.

పుష్యమాసంలో తెల్లవారుజామున హనుమకొండ నుంచి ములుగు వైపు కారులో బయలుదేరిన వారందరికీ ఇది అనుభవమే. లోపల నలుగురు కూర్చుంటే పది నిమిషాల్లో ముందు అద్దం మీద ఆవిరి కమ్ముకుంటుంది, తుడిచినకొద్దీ మళ్ళీ కమ్ముతుంది, పోనీ పక్క గ్లాసు కొంచెం దించుదామంటే ఇగం నేరుగా చెవుల్లోకి కొడుతుంది. కిటికీ పైఅంచున, డోర్ ఫ్రేముకు అంటించే పొగరంగు వంపు పట్టీ, మనం డోర్ వైజర్ అనో రెయిన్ వైజర్ అనో పిలిచేది, ఇటువంటప్పుడే అక్కరకు వస్తుంది. అది ఉంటే గ్లాసును రెండు వేళ్ళ సందు దించినా చలిగాలి సూటిగా మీద పడదు, లోపలి తేమ ఆ సందులోంచి బయటికి పోతుంది. వానాకాలంలో చినుకు లోపలికి రాదన్నది అందరికీ తెలిసిన లాభమే.

మన ప్రాంతంలో చాలామంది సంక్రాంతికి సొంతూరికి వెళ్ళే ముందో, పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరకు వెళ్ళే ముందో, రెండేళ్ళకోసారి మాఘమాసంలో మేడారానికి బయలుదేరే ముందో కారును సిద్ధం చేసుకుంటూ ఈ వైజర్లు వేయించుకుంటారు. చిక్కంతా ఇక్కడే ఉంది. వైజర్లను అంటించడానికి ఏడాది మొత్తంలో అన్నింటికన్నా అనుకూలించని కాలం కూడా ఇదే.

నా అనుభవంతోనే మొదలుపెడతాను. కొన్నేళ్ళ కింద, నాగోబా జాతరకు వెళ్ళే ముందురోజు, పొద్దున ఏడు గంటలకు మా ఇంటి ముందే నాలుగు వైజర్లూ నేనే అమర్చుకున్నాను. తలుపుల మీద మంచునీళ్ళు కనబడితే పొడిగుడ్డతో తుడిచాను, టేపు మీది కాగితం ఒలిచాను, అంటించి బొటనవేలితో నొక్కాను. చూడడానికి ఏ లోపమూ లేదు. మర్నాడు కరీంనగర్ దాటి లక్షెట్టిపేట వైపు పోతూ, రాయపట్నం దగ్గర గోదావరి వంతెన ఇంకా రాకముందే, నా పక్క వైజర్ ముందు కొస లేచి టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టింది, బండి ఆపేలోపే ఊడి వెనక్కి ఎగిరిపోయింది. వెనుక మోటార్ సైకిల్ మీద భార్యాభర్తలు, వారి మధ్యలో ఒక చిన్న పాప వస్తున్నారు. పట్టీ వారి చక్రానికి జానెడు దూరంలో పడి పక్కకు జారింది. ఆ పాప బెదిరి తండ్రి వీపుకు ముఖం ఆనించుకోవడం నా కళ్ళ ముందు ఇప్పటికీ కదలాడుతుంది.

వారిని క్షమాపణ అడిగి పంపించాక, రోడ్డు పక్కన నిలబడి ఆ పట్టీని తిప్పి చూశాను. టేపు జిగురు ముఖం అప్పుడే కాగితం ఒలిచినట్టు నున్నగా మెరుస్తోంది. తలుపు అంచున మాత్రం అక్కడక్కడా ఆవగింజంత మచ్చలు ఒక వరుసలో కనిపించాయి. అంటే రెండు మూరలకు కొంచెం తక్కువ పొడవున్న టేపు ఆ చుక్కల దగ్గర మాత్రమే తలుపును పట్టుకుంది, మిగిలినదంతా ఊరికే ఆనుకొని ఉంది. టేపు నాసిరకమని ఆ క్షణాన అనుకున్నాను. అది తప్పని తర్వాత తెలుసుకున్నాను.

వైజర్లకు వచ్చే డబుల్ సైడ్ టేపు, మన మెకానిక్కులు థ్రీఎం టేపు అని ఏ కంపెనీదాన్నైనా పిలిచేది, అక్రిలిక్ నురుగుతో చేసింది. బంకలాగా, ఫెవికాల్ లాగా అది ఆరి గట్టిపడదు. ఒత్తిడి పెట్టినప్పుడు అది చాలా మెల్లగా, కంటికి కనబడకుండా పారుతుంది. పెయింటు మీద ఉండే సూక్ష్మమైన గుంటల్లోకి, గీతల్లోకి చేరి అక్కడ పట్టు సంపాదిస్తుంది. సంక్రాంతికి నువ్వుల ఉండలు చుట్టే ఇళ్ళలో పెరిగినవారికి దీన్ని వేరే చెప్పనక్కర్లేదు. బెల్లం పాకం వేడిగా ఉన్నంతసేపు ప్రతి గింజ సందులోకీ జారి అన్నింటినీ కలిపి పట్టుకుంటుంది, చల్లారితే బిగుసుకుపోయి, ఎంత నొక్కినా ఉండ కట్టదు. టేపు జిగురు తీరు కూడా అంతే. చలికి అది గట్టిపడి పారడం మానేస్తుంది, పైపైన ఆనుకొని నిలబడుతుంది, మనకు అంటుకున్నట్టే కనబడుతుంది.

ఇటువంటి టేపులను అంటించడానికి సుమారు 21 నుంచి 38 డిగ్రీల సెల్సియస్ వరకు ఉన్న వేడి అనువైనదని తయారీదారులు చెబుతారు, చాలా రకాలకు 10 డిగ్రీల లోపు అసలు అంటించవద్దంటారు. డిసెంబర్, జనవరి నెలల్లో ఆదిలాబాద్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాల్లో రాత్రి ఉష్ణోగ్రత ఒంటి అంకెలకు దిగడం మనం ఏటా వింటున్నదే. వరంగల్‌లో అంత చలి ఉండకపోవచ్చు గాని, ఇక్కడ ఒక సంగతి గమనించాలి. వాతావరణ వార్తల్లో చెప్పేది గాలి ఉష్ణోగ్రత. ఆరుబయట నిలిపిన కారు రేకు, మబ్బులేని రాత్రి తన వేడిని ఆకాశానికి వదిలేస్తూ గాలికన్నా ఎక్కువ చల్లబడుతుంది. అందుకే చుట్టూ నేల పొడిగా ఉన్నా కారు మీద మాత్రం మంచు బిందువులు తేలుతాయి. ఆ తడిని గుడ్డతో తుడిచినా రేకు ఇంకా చల్లగానే ఉంటుంది కాబట్టి కంటికి కనబడని పలుచని నీటిపొర మళ్ళీ ఏర్పడవచ్చు. ఆ పొర మీద అంటించిన టేపు తలుపును అంటుకోదు, నీళ్ళను అంటుకుంటుంది. నేను ఏడు గంటలకు చేసిన పని సరిగ్గా ఇదే.

ములుగు రోడ్డు వైపు ఈ పనే ఏళ్ళ తరబడి చేస్తున్న ఒక ఫిట్టర్ ఉన్నాడు. అతని దగ్గర థర్మామీటర్ లేదు. కారు రాగానే ముందుగా మడిచిన చేతి వేళ్ళ వెనుక భాగాన్ని డోర్ ఫ్రేముకు ఆనించి కాసేపు ఉంచుతాడు. ‘‘సార్, డోర్ చేతికి సల్లగ తాకితె పని వెట్టుకోను. జెర ఎండ రానియ్యుండ్రి’’ అని కారును ఎండలోకి తిప్పి పెట్టిస్తాడు. నాలుగు గిరాకీలు పోయినా తొందరపడడు. ఆ మాటలో ఉన్నంత శాస్త్రం నాకు వైజర్ పెట్టె మీద అచ్చేసిన సూచనల్లో దొరకలేదు.

కాబట్టి ఈ కాలంలో పని పెట్టుకోవలసింది మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు గంటల మధ్య. వాటర్ వాష్ ఉంటే ముందురోజే చేయించుకోవాలి, ఎందుకంటే కిటికీ అంచున ఉండే రబ్బరు పట్టీ, అంటే బీడింగ్, సందుల్లో నిలిచిన నీరు చలికి త్వరగా ఆరదు, మనం వేలితో నొక్కినప్పుడు బయటికి ఉబికి టేపు కిందికి చేరుతుంది. కారును ఎండలో ఒక గంట నిలిపి, ఒక పక్క వేడెక్కాక ఆ పక్క పని ముగించి, తర్వాత కారును తిప్పి రెండో పక్క చేయడం మేలు. వైజర్లను రాత్రి డిక్కీలో వదిలేయకుండా ఇంట్లో ఉంచుకోవాలి. వైజర్ పట్టీ కూడా అక్రిలిక్కే, కాకపోతే గట్టి ప్లాస్టిక్ రూపంలో ఉంటుంది. అది చలిలో పెళుసుగా ఉంటుంది, వంచబోతే అంచు దగ్గర చిట్లుతుంది.

టేపు కాగితం ఒలవకముందే వైజర్‌ను ఒకసారి చోట్లో పెట్టి చూసుకోవాలి. ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్తాను, ఎందుకంటే చలిలో అమర్చినవారు దీన్ని తరచుగా మరిచిపోతారు. అక్రిలిక్ వేడికి ఉక్కు కన్నా ఐదారు రెట్లు ఎక్కువ సాగుతుంది. 15 డిగ్రీల దగ్గర అమర్చిన 80 సెంటీమీటర్ల పట్టీ, మే నెలలో రామగుండం ఎండకు 65 డిగ్రీల దాకా కాలినప్పుడు, తన కింది రేకు కన్నా రెండు మిల్లీమీటర్లకు పైగా ఎక్కువ పొడవు పెరుగుతుంది. టేపులోని నురుగు అటూ ఇటూ సాగి ఆ తేడాను ఓర్చుకుంటుంది గాని, పట్టీ కొసను సైడ్ మిర్రర్ మూలకో, బీడింగ్ అంచుకో బిగించి పెడితే పెరగడానికి చోటు లేక మధ్యలో పైకి ఉబ్బుతుంది. రెండు కొసల దగ్గరా గోరు దూరేంత సందు వదలాలి.

శుభ్రం చేయడంలో సర్దుబాటు పనికిరాదు. మంచి మెరుపు కోసం వేసే వ్యాక్స్, డాష్‌బోర్డుకు కొట్టే సిలికాన్ పాలిష్, తలనూనె చేతుల మరకలు, ఇవన్నీ టేపుకు శత్రువులు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను సమానంగా నీటితో కలిపి, నూలుపోగులు రాలని గుడ్డతో ఒకే దిక్కుకు తుడిచి, గుడ్డ మార్చి మరోసారి తుడవాలి. పెట్రోలు, కిరోసిన్, థిన్నర్ ముట్టవద్దు. అవి జిడ్డు మిగిల్చడమో, పెయింటును, రబ్బరును తినేయడమో చేస్తాయి. ఆల్కహాల్ మండే ద్రవం కనుక అది పూర్తిగా ఆరేవరకు వేడి చేసే ఏ పరికరాన్నీ దగ్గరికి తేవద్దు.

ఎండ చాలకపోతే జుట్టు ఆరబెట్టుకునే హెయిర్ డ్రయర్ చాలు. టేపును మాత్రమే వేడి చేసి చల్లని రేకు మీద అంటించడం చాలామంది చేసే పొరపాటు. రేకు ఆ వేడిని క్షణంలో లాగేసుకుంటుంది, పాకం మళ్ళీ బిగుసుకుంటుంది. అందుకని ముందు డోర్ ఫ్రేమును, తర్వాత టేపును వేడి చేయాలి. చేతి వెనుక భాగాన్ని ఆనిస్తే వెచ్చగా ఉండాలి, చుర్రుమనకూడదు. హీట్ గన్ వాడవద్దని నా మనవి. అక్రిలిక్ 100 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, హీట్ గన్ గాలి కొన్ని వందల డిగ్రీలు ఉంటుంది, పట్టీ ఒకసారి వంకరపోతే మళ్ళీ రాదు.

కాగితాన్ని ఒక్కసారిగా ఒలవకుండా రెండు కొసల దగ్గర రెండంగుళాల మేర ఒలిచి, ఆ తోకలను బయటికి మడిచి, పట్టీని చోట్లో కుదుర్చుకొని, అప్పుడు తోకలను మెల్లగా లాగాలి. తర్వాత నొక్కడం. చదరపు సెంటీమీటరుకు ఒక కిలో బరువంత ఒత్తిడి కావాలి, అంటే బొటనవేలి గోరు తెల్లబడేంత గట్టిగా, అంగుళం అంగుళం జరుపుతూ, ఒక్కో చోట నెమ్మదిగా పది అంకెలు లెక్కపెట్టాలి. ఎదురుగాలి ముందుగా తాకే కొస దగ్గర రెండింతలు. నా వైజర్ లేచింది అక్కడే.

ఆ తర్వాత ఓపిక పట్టాలి. మామూలు గది వేడిలో ఈ టేపు ఇరవై నిమిషాలకు తన పట్టులో సగం, ఒక రోజుకు తొంభై శాతం, మూడు రోజులకు పూర్తి పట్టు సంపాదిస్తుంది. చలిలో ఇంకా ఆలస్యం అవుతుంది. ఆ మూడు రోజులు వాటర్ వాష్ వద్దు, జాతీయ రహదారి వేగం వద్దు, వీలైతే రాత్రిపూట కారును కప్పు కింద నిలపాలి. గ్లాసు జారే గాడిలోకి దూర్చే రకం వైజర్లు వేసుకున్నవారు కనీసం మొదటి రోజంతా గ్లాసులు పైకి ఎత్తే ఉంచాలి. రేపు ప్రయాణమనగా ఇవాళ వైజర్లు వేయించుకోకండి, అది జాతరైనా పెళ్ళైనా సరే. ఒకసారి పూర్తిగా పట్టుకున్న టేపును ఆదిలాబాద్ చలి ఏమీ చేయదు. అంటించే వేళ కావలసిన వేడి వేరు, అంటుకున్నాక తట్టుకోగల చలి వేరు.

ఏ కొసైనా లేస్తే అదే టేపును మళ్ళీ నొక్కి ఊరుకోవద్దు, దాని ముఖం మీద అప్పటికే దుమ్ము చేరి ఉంటుంది. కొంచెం వేడి చేసి, గాలానికి వాడే నైలాన్ దారాన్ని టేపు వెనుక రంపంలా లాగితే పట్టీ పెయింటు చెడకుండా వస్తుంది. కొత్త టేపు వేసి మొదటి నుంచి చేయాలి.

నేను అదే చేశాను. ఆ జాతర నుంచి తిరిగివచ్చాక నాలుగు వైజర్లూ తీసి, ఒక ఆదివారం మధ్యాహ్నం ఎండలో కొత్త టేపుతో అమర్చి, బుధవారం దాకా కారు కదిలించలేదు. ఈ పుష్యమాసంలో కూడా అవే ఉన్నాయి. ప్రయాణానికి ముందు సాయంత్రం చూపుడువేలి గోరును ప్రతి పట్టీ అంచు వెంట ఈ కొస నుంచి ఆ కొసకు నడిపిస్తాను. ఎక్కడైనా గోరు లోపలికి దిగితే మర్నాడు కారు తీయను.

నమస్కారం.