కారు కట్టడం ఒకెత్తు, దానికి నంబర్ ప్లేట్ తెచ్చుకోవడం ఒకెత్తు | కాలిఫోర్నియాలో మా కోబ్రా రెప్లికా

హాయ్ అండీ, అందరూ ఎలా ఉన్నారు? ఇవాళ వంటల్లేవు, కాస్ట్‌కో షాపింగ్ లేదు, ఇవాళంతా మా గరాజే. మా సియెన్నా వ్యాను రోడ్డు మీద ఎందుకుంటోంది, లోపల ఆ నీలం కారేంటి, షెల్బీ కోబ్రా కొన్నారా, అంత డబ్బెక్కడిది అని ఒకటే అడుగుతున్నారు. అసలు కోబ్రా కొనే స్తోమతే ఉంటే నేనీ వీడియోలు ఎందుకు చేస్తానండీ! 1962లో కారోల్ షెల్బీ అనే టెక్సాస్ ఆయన ఇంగ్లండ్‌లో ఏసీ అనే కార్ల కంపెనీ బాడీలో ఫోర్డ్ వీ8 ఇంజిన్ దూర్చి ఇక్కడ లాస్ ఏంజెలెస్‌లో తయారుచేసిన కారది, మొత్తం ఓ వెయ్యి దాకా చేసుంటారు, ఇప్పుడవి వేలంలో మిలియన్ డాలర్ల మాట. మాది రెప్లికా, అంటే దాని నకలు. మసాచుసెట్స్‌లో ఫ్యాక్టరీ ఫైవ్ అని ఉంది, వాళ్ళు ఫ్రేము, ఫైబర్‌గ్లాస్ బాడీ, అట్టపెట్టెల నిండా సామాను పంపుతారు, ఇంజిను, గేర్‌బాక్సు, వెనక యాక్సిల్, చక్రాలు, పెయింటు మనం చూసుకోవాలి. వాళ్ళు దాన్ని కంప్లీట్ కిట్ అంటారు, నేను మాత్రం ఏమీ అనను.

ఇదిగో దగ్గరగా చూపిస్తాను, ఈ అల్యూమినియం రేకుల మీద వరసగా రివెట్లు కనిపిస్తున్నాయి కదా, ఇవన్నీ మావారు శని ఆదివారాలు కూర్చుని కొట్టినవే. ఈ పక్కన పొడుగ్గా ఉన్నది సైడ్ పైపు, పొగ ఇందులోంచే బయటికొస్తుంది, కారు దిగేటప్పుడు పిక్క దీనికి తగిలిందంటే చర్మం ఊడొస్తుంది, దాన్ని స్నేక్ బైట్ అంటారట, ఏదో బిరుదు వచ్చినట్టు చెప్పుకుంటారు వీళ్ళు. మా అత్తయ్యగారు విజయవాడ నుంచి వచ్చినప్పుడు చూసి, "ఏరా, ఇంత డబ్బు పోశావు, దీనికి పైకప్పు కూడా లేదా? మన ఆటోనగర్‌లో ఇచ్చుంటే ఈపాటికి లారీ కట్టిచ్చేవాళ్ళు" అన్నారు. ఆటోనగర్ వాళ్ళు కట్టగలరు, అందులో డౌటే లేదు, కానీ కారు విషయానికొస్తే మన దగ్గర మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చకూడదు అంటుంది, సుప్రీంకోర్టు కూడా 2019లో అదే గట్టిగా చెప్పింది. ఇక్కడ ఇంట్లో కట్టుకున్న కారుకి చట్టంలోనే ఒక దారి పెట్టారు. కాకపోతే ఆ దారి చాలా సన్నం.

ఎందుకంత సన్నం అంటే పొగ. ఒకప్పుడు లాస్ ఏంజెలెస్‌లో స్మాగ్‌కి కళ్ళు మండిపోయేవట, అందుకే దేశం మొత్తానికంటే ముందు, 1966 మోడళ్ళ నుంచే, టెయిల్‌పైపు పొగకి ఈ రాష్ట్రం రూల్స్ పెట్టింది, ఆ తర్వాతేడు గాలి కాలుష్యం సంగతి చూసే కార్బ్ అనే బోర్డు వచ్చింది. ఇప్పుడు 1976, ఆ తర్వాతి పెట్రోలు కార్లకి రెండేళ్ళకోసారి స్మాగ్ చెక్, అంటే పొగ పరీక్ష, ఉంది, మరీ కొత్తవాటికి కొన్నేళ్ళు మినహాయింపు, 1975, అంతకుముందువాటికి అసలు లేదు. మరి మొన్న కట్టి, చూడ్డానికి 1965లా ఉండే కారు ఏ సంవత్సరం కిందకొస్తుంది? పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ లేని, కార్బ్యురేటర్ ఉన్న వీ8ని ఇప్పటి కారు అన్నారంటే టెస్టులో పాసయ్యే ప్రసక్తే లేదు.

దీనికి 2001లో ఎస్‌బీ 100 అని ఒక చట్టం చేశారు. ఏడాదికి మొదటి 500 బండ్లకి మాత్రమే, బాడీ ఏ సంవత్సరం కారులా ఉందో ఆ సంవత్సరం రూల్స్ పెట్టుకోవచ్చు, లేదా ఇంజిన్ సంవత్సరం, ఏది కావాలో ఓనరే ఎంచుకోవచ్చు. మా బాడీ 1965 కోబ్రాలా ఉంది కాబట్టి 1965, అంటే రెండేళ్ళకోసారి స్మాగ్ గోల లేదు. కారు ఏ పాత మోడల్‌లానూ లేకుండా మన సొంత డిజైన్ అనుకోండి, అప్పుడు 1960 అని లెక్కేస్తారు. నాకు ఇది బలే నచ్చింది, ఎవరినీ పోలకపోతే ఇంకా పాతవాడివి అన్నమాట!

ఆ 500 లెక్క జనవరిలో డీఎంవీ, అంటే ఇక్కడి ఆర్టీఓ ఆఫీసు, తెరిచిన మొదటిరోజే మొదలవుతుంది. తెల్లారకముందే ఆఫీసు బయట మడత కుర్చీలు, ఫ్లాస్కులు, ఎక్కువమంది రిటైరైన తాతలు, మధ్యలో మంకీ క్యాప్ పెట్టుకుని మావారు, చేతిలో ఫైలు. ఆ 500లో వరస నంబరు ఊరికే ఇవ్వరు, దరఖాస్తుతో పాటు ఫీజులు, టాక్సు అన్నీ అప్పుడే కట్టాలి. రాష్ట్రం మొత్తానికీ వరస ఒకటే, కాబట్టి మన ఊళ్ళో లైనులో ముందున్నామని ధీమా పడ్డానికి లేదు. కౌంటర్లో అమ్మాయికి ఈ ఎస్‌బీ 100 దరఖాస్తు పేరే తెలియలేదు పాపం, మావారే రూల్ నంబర్‌తో సహా ప్రింటౌట్ తీసి చూపించారు, ఆవిడ లోపల ఇంకొకాయన్ని పిలుచుకొచ్చింది. నన్నడిగితే వెళ్ళేవాళ్ళు రూల్ ప్రింటౌట్ తప్పకుండా పట్టుకెళ్ళండి, ఫోన్లో చూపిస్తే లెక్కచెయ్యరు.

ఇప్పుడు అసలు నా డిపార్ట్‌మెంట్, ఈ షూ డబ్బా. ఇందులో ఏముందంటే రసీదులు. ఇంజిన్‌ది, ట్రాన్స్‌మిషన్‌ది, ఫ్రేముది, బాడీది, కిట్ కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్, మేమే కట్టామని రాసిచ్చే స్టేట్‌మెంట్ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ ఫారం. ఎవరి దగ్గరో సెకండ్ హ్యాండ్ గేర్‌బాక్స్ కొన్నా కాగితం మీద బిల్ ఆఫ్ సేల్ రాయించుకోవాల్సిందే, మొహమాటపడితే తర్వాత మనకే నొప్పి, ఎందుకంటే చివర్లో హైవే పెట్రోల్ అనే రోడ్డు పోలీసులు ఇంజిన్, గేర్‌బాక్స్ మీద నంబర్లు చూసి దొంగ సరుకా కాదా అని ఈ కాగితాలతోనే పోల్చుకుంటారు. టాక్సు లెక్క కూడా వీటితోనే, బయటి రాష్ట్రంలో కొన్నదానికి అమ్మినవాళ్ళు టాక్స్ వెయ్యకపోతే ఇక్కడ యూజ్ టాక్స్ కట్టాలి, కట్టేసుంటే రసీదు చూపిస్తే మళ్ళీ అడగరు. థర్మల్ పేపర్ బిల్లులు కొన్నాళ్ళకి తెల్లకాగితాలైపోతాయి, అందుకే అన్నిటికీ జిరాక్సులు తీసి పెట్టాను.

ఇవాళ పొద్దున రెఫరీ దగ్గరకెళ్ళొచ్చాం. రెఫరీ అంటే మామూలు స్మాగ్ షాపు కాదండీ, ఇలాంటి బండ్లు చూడ్డానికి రాష్ట్రం తరఫున కమ్యూనిటీ కాలేజీల్లో కూర్చుంటారు. ప్లేట్ లేదు కాబట్టి ట్రైలర్ మీదే తీసుకెళ్ళాం. ఆయన టార్చ్ పట్టుకుని బానెట్ కింద చాలాసేపు చూశారు, వాల్వ్ కవర్ మీద, ఇంజిన్ లోపలి పొగని మళ్ళీ ఇంజిన్‌లోకే పంపే పీసీవీ వాల్వ్ ఉందా అని వేలితో కదిపి మరీ చూశారు, పాత కోబ్రా ఫొటోలతో మా బాడీని పోల్చారు. మావారు అంత సైలెంట్‌గా ఉండటం నేను మా పెళ్ళిచూపుల్లో కూడా చూడలేదు. చివరికి ఓకే అని 1965 లెక్కన లేబుల్ అంటించారు, పీకితే చిరిగిపోయే రకం.

నంబర్ దొరకనివాళ్ళ సంగతేంటి అంటే, మళ్ళీ జనవరి దాకా ఆగాలి, లేదా జీఎం ఈ-రాడ్ లాంటి కార్బ్ ఒప్పుకున్న ఇంజిన్ ప్యాకేజీ వెయ్యాలి, కన్వర్టర్లు, ఆక్సిజన్ సెన్సర్లు, పెట్రోల్ ఆవిరి పట్టే డబ్బా అన్నీ దాంతోనే వస్తాయి, ఖర్చెక్కువే కానీ క్యూ లేదు. మూడో దారి కూడా చెప్తారు కొందరు, పాత 1965 ఫోర్డ్ అని రాయించెయ్, విలువ తక్కువ చూపించు, లేదా మోంటానా రాష్ట్రంలో ఎల్ఎల్‌సీ అని పేరుకో కంపెనీ తెరిచి అక్కడి ప్లేట్ పెట్టుకో అని. ఇక్కడ ఇల్లుండి, ఇక్కడే బండి తిప్పుతూ అది చేస్తే తప్పుడు రిజిస్ట్రేషనే. మనలో చాలామంది గ్రీన్ కార్డ్ కోసం ఏళ్ళ తరబడి చూస్తున్నవాళ్ళం, ప్రభుత్వ కాగితం మీద అబద్ధం రాసే సరదా మనకొద్దు. ఈ విషయంలో నాతో వాదించకండి.

వచ్చే వారం బ్రేకులు, లైట్ల సేఫ్టీ ఇన్‌స్పెక్షన్, ఆ తర్వాత హైవే పెట్రోల్, అదయ్యాక మళ్ళీ డీఎంవీ. అన్నీ సవ్యంగా జరిగితే రిజిస్ట్రేషన్ కార్డు మీద కంపెనీ దగ్గర షెల్బీ అని రాదు, ఫోర్డ్ అనీ రాదు, ఎస్‌పీసీఎన్‌ఎస్ అని వస్తుంది, స్పెషల్లీ కన్‌స్ట్రక్టెడ్ అని. హెచ్ఓఏ, అంటే మా కాలనీ సంఘం వాళ్ళేమో సియెన్నా రోడ్డు మీంచి తియ్యమని ఇంకో ఉత్తరం పంపారు, దానికి జవాబు మాత్రం మావారే రాసుకుంటారు. ఉంటానండీ, బై.