ఇంజనీరింగ్ విద్యార్థులకు బయాలజీ: చివరి యూనిట్‌తో మొదలుపెట్టండి | సబ్జెక్టు రివ్యూ

నమస్కారం. ఈరోజు ఒక సబ్జెక్టును రివ్యూ చేద్దాం. ఇంటర్లో ఎంపీసీ చదివి బీటెక్‌లో చేరినవారికి పదో తరగతితోనే జీవశాస్త్రంతో సంబంధం తెగిపోతుంది. అలాంటి విద్యార్థుల ముందుకు ‘ఇంజనీర్లకు బయాలజీ’ అనే పేపరు వచ్చి నిలబడుతుంది. 2018లో సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ విడుదల చేసిన నమూనా పాఠ్యప్రణాళికలో దీనికి చోటు దక్కింది. మెకానికల్, సివిల్, కంప్యూటర్స్ విద్యార్థులు అడిగే ప్రశ్న ఒకటే: ఇది మాకెందుకు? హైదరాబాదులో ఉంటూ ఆ ప్రశ్న అడుగుతున్నవారి కోసమే ఈ వీడియో.

నా అభిప్రాయం ముందే చెబుతాను. సబ్జెక్టు చాలా మంచిది. యూనిట్ల వరుస మాత్రం ఇంజనీరు బుర్రకు సరిపోదు.

తొలి యూనిట్ నాకు బాగా నచ్చింది. కన్నుకూ కెమెరాకూ, పక్షికీ విమానానికీ పోలికతో మొదలై, జీవులను గమనించడం వల్ల భౌతికశాస్త్రం ఎలా ముందుకు వెళ్లిందో చెబుతుంది. అందులో జూలియస్ మేయర్ ప్రస్తావన ఉంది. 1840లో జావాకు వెళ్లే ఓడలో ఆయన వైద్యుడు. వేడి ప్రాంతానికి చేరాక నావికుల సిరల్లోని రక్తం మామూలుకంటే ఎర్రగా ఉండడం గమనించారు. ఒంట్లో వేడి నిలుపుకోవడానికి ఇక్కడ శరీరం తక్కువ ఆక్సిజన్ ఖర్చు చేస్తోందని తర్కించి, అక్కడి నుంచి శక్తి నిత్యత్వ నియమం దాకా వెళ్లారు. చాలా తరగతుల్లో ఈ పాఠాన్ని పది నిమిషాల్లో దాటించేస్తారు. మీరు దాటేయకండి, కాసేపట్లో ఇదే మనకు పనికొస్తుంది.

రెండో యూనిట్ వర్గీకరణ. ఒక సాయంత్రం చాలు. జన్యుశాస్త్రం, జీవ అణువులు (బయోమాలిక్యూల్స్), డీఎన్‌ఏ నుంచి ప్రొటీన్ దాకా సమాచారం ఎలా ప్రవహిస్తుందన్నది, ఇవన్నీ అవసరమే. కంప్యూటర్స్ వాళ్లకు ఆ చివరి భాగం ఇట్టే పట్టుబడుతుంది. ఎంజైముల యూనిట్‌లో 1913 నాటి మైకేలిస్-మెంటెన్ సమీకరణం దగ్గర ఆగి, కాగితం మీద గ్రాఫు గీసుకోండి. ఎంజైము మార్చే పదార్థాన్ని దాని ఆహారం అనుకుందాం. ఆ ఆహారం తక్కువగా ఉన్నప్పుడు చర్య వేగం దానితోపాటే పెరుగుతుంది. ఆహారం ఎంత పోసినా ఒక గరిష్ఠ వేగం దాటదు. ఈ గ్రాఫు ఆకారం గుర్తుపెట్టుకోండి.

అసలు విషయం ఆఖరి యూనిట్‌లో ఉంది. సూక్ష్మజీవశాస్త్రం, స్టెరిలైజేషన్, సూక్ష్మజీవులు ఎంత వేగంగా పెరుగుతాయో చెప్పే గతిశాస్త్రం అన్నీ అక్కడే. సెమిస్టర్ ముగిసిపోతుంటే హడావుడిగా చదివే పాఠం అది. ఇంజనీరు ఈ సబ్జెక్టులోకి రావలసిన గుమ్మమే అది, దాన్ని చివరికి నెట్టేశారు. నాకు నిజంగా బాధ కలిగేది ఇక్కడే.

ఎందుకో ఒక లెక్కతో చూద్దాం. ఈ.కోలై బ్యాక్టీరియా అనుకూల పరిస్థితుల్లో సుమారు 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. అంటే 24 గంటల్లో 72 సార్లు. ఒక్క కణం బరువు గ్రాములో లక్ష కోట్లవ వంతు అనుకుంటే, ఒకే కణం నుంచి మర్నాటికి 4,700 టన్నుల బ్యాక్టీరియా తయారవ్వాలి. రెండో రోజు ముగిసేసరికి దాని బరువు భూమి బరువును దాటిపోవాలి. అలా జరగదు కదా. ఏది ఆపుతోంది? జీవశాస్త్రవేత్త జాక్ మోనో 1940లలో ఇచ్చిన సమీకరణం ఒక జవాబు చెబుతుంది: ఆహారం తగ్గేకొద్దీ పెరుగుదల వేగం తగ్గుతుంది. ఇందాక గీసిన గ్రాఫు ఆకారమే మళ్లీ కనిపిస్తుంది. కానీ సూక్ష్మజీవులను పెంచే ట్యాంకులో, అంటే ఫెర్మెంటర్లో, అన్నిటికంటే ముందు కొరత పడేది తరచూ ఆక్సిజనే.

గ్లూకోజు లీటరు నీటిలో వందల గ్రాములు కరుగుతుంది. గాలిలోని ఆక్సిజన్ మాత్రం గది ఉష్ణోగ్రత దగ్గర లీటరుకు దాదాపు 8 మిల్లీగ్రాములే కరుగుతుంది. చిక్కగా పెరిగిన కల్చర్ (కణాలున్న ద్రవం) గంటకు లీటరుకు 3 గ్రాముల ఆక్సిజన్ తీసుకోగలదు. భాగించి చూడండి. గాలి సరఫరా ఆపితే కరిగి ఉన్న ఆక్సిజన్ పది సెకన్లలోపే అయిపోతుంది. కాబట్టి అది అయిపోతున్న వేగంతోనే గాలి బుడగల నుంచి నీటిలోకి చేరుతూ ఉండాలి. అందుకోసమే అడుగున గాలిని బుడగలుగా వదిలే స్పార్జర్, మధ్యలో తిరిగే రెక్కల చక్రం ఇంపెల్లర్, సుడి తిరగకుండా గోడలకు బాఫిల్స్ అనే పట్టీలు. అంతే గాలికి బుడగలు ఎంత చిన్నవైతే మొత్తం ఉపరితలం అంత ఎక్కువగా దొరుకుతుంది. ఇది జీవశాస్త్రమా, ఫ్లూయిడ్ మెకానిక్సా? రెండూ!

ఇప్పుడు మేయర్ దగ్గరికి వెళదాం. ఆక్సిజన్ వాడకానికీ వేడికీ ఉన్న సంబంధం కణాలకూ వర్తిస్తుంది. ఒక మోల్ ఆక్సిజన్ వాడితే దాదాపు 460 కిలోజౌళ్ల వేడి పుడుతుంది. పై లెక్క ప్రకారం 10,000 లీటర్ల ఫెర్మెంటర్లో అది సుమారు 120 కిలోవాట్లు. ఇంట్లో వాడే ఒకటిన్నర టన్ను ఏసీలు ఇరవైకి పైగా కలిస్తే గానీ తీయలేనంత వేడి. పైగా 10 లీటర్ల పాత్రను అదే ఆకారంలో 10,000 లీటర్లకు పెంచితే ఘనపరిమాణం 1000 రెట్లు పెరుగుతుంది, గోడల వైశాల్యం మాత్రం 100 రెట్లే. ల్యాబులో చక్కగా పనిచేసిన ప్రక్రియ ప్లాంటులో మొండికేయడానికి ఒక ముఖ్య కారణం ఇదే.

ఇందులో హైదరాబాదు ఎక్కడుంది? కె.ఐ. వరప్రసాద్ రెడ్డి గారు స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో షాన్‌వాక్-బి తెచ్చింది. అది మన దేశంలో తయారైన తొలి రీకాంబినెంట్ (వేరే జీవిలోకి జన్యువును చేర్చి తయారుచేసే) హెపటైటిస్-బి టీకా. అందులోని ప్రొటీన్‌ను తయారుచేసేది పికియా పాస్టోరిస్ అనే ఈస్ట్. ఈ నగరానికే చెందిన బయొలాజికల్-ఇ సంస్థ కోవిడ్ టీకా కోర్బెవాక్స్‌కూ అదే ఈస్ట్ ఆధారం. పికియాకు తరచూ మెథనాల్‌ను ఆహారంగా ఇస్తారు. మెథనాల్‌ను వాడుకునే కణాలకు ఆక్సిజన్ అవసరం మరీ ఎక్కువ, వేడి కూడా అంతే. ఆ ఈస్ట్‌ను దాదాపు 30 డిగ్రీల దగ్గర పెంచాలి. మన మే నెల ఎండల్లో కూలింగ్ టవర్ నీళ్లే ఆ ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉంటే వేడిని లాగేదెలా? నీటిని ఇంకా చల్లబరిచే చిల్లర్ కావాలి. దాని సామర్థ్యం ఎంతో తేల్చేది మెకానికల్ ఇంజనీరు. కరిగిన ఆక్సిజన్ సెన్సర్ చూపే అంకెను బట్టి ఇంపెల్లర్ వేగం మార్చే కంట్రోలర్‌ను ఇన్‌స్ట్రుమెంటేషన్ వాళ్లు రాస్తారు. శామీర్‌పేట దాటి, బయోటెక్ సంస్థలుండే జీనోమ్ వ్యాలీ వైపు వెళ్లే దారిలో కనిపించే భవనాల్లో కొన్నిట్లో జరిగే పని ఇలాంటిదే.

ఇది కొత్తగా వచ్చిన సంగతి కూడా కాదు. పెన్సిలిన్‌ను ఫ్లెమింగ్ 1928లోనే గుర్తించినా, 1940లలో పెద్ద ట్యాంకుల్లో లోపలికంటా గాలి పంపి బూజును పెంచడం సాధ్యమయ్యాకే అది జనానికి అందింది. తొలి వాణిజ్య పెన్సిలిన్ ప్లాంటుకు రూపకల్పన చేసిన మార్గరెట్ హచిన్సన్ రూసో కెమికల్ ఇంజనీరు. ఆమె పేరు పాఠంలో చేర్చాలని నా కోరిక.

పాఠ్యప్రణాళికలో పెద్ద లోటు ఒకటుంది. ఫెర్మెంటర్ నుంచి బయటికి వచ్చాక ప్రొటీన్‌ను వేరుచేసి శుద్ధి చేసే దశ గురించి దాదాపు ఏమీ లేదు. గిరగిరా తిప్పి వేరుచేసే సెంట్రిఫ్యూజ్, వడపోత, మిశ్రమంలోని పదార్థాలను విడదీసే క్రోమటోగ్రఫీ వంటివి ఆ దశలోనే వస్తాయి. చాలా మందుల తయారీలో ఖర్చులో పెద్ద భాగం అక్కడే. ఒక్క వారం కేటాయించినా సరిపోయేది.

చదివే వరుస మాత్రం ఇలా పెట్టుకోండి: తొలి యూనిట్ తర్వాత నేరుగా ఆఖరిది, దాని వెనకే ఎంజైములు, జీవక్రియ, ఆపైన జన్యు సమాచారం. వర్గీకరణను పరీక్షల ముందు చూసుకోవచ్చు. ఎంపీసీ నుంచి వచ్చి కణం లోపలి భాగాల పేర్లు మరిచిపోయినవారు తొమ్మిదో తరగతి తెలుగు మాధ్యమం సైన్సు పుస్తకం ఒకసారి తిరగేయండి, సిగ్గుపడాల్సిన పనేం లేదు. ఇందాకటి ఆక్సిజన్ లెక్కను 37 డిగ్రీల దగ్గర మీరే మళ్లీ చేసి, పది సెకన్లు పెరిగాయో తగ్గాయో కింద రాయండి.