ఫ్రిక్షన్ స్టిర్ వెల్డింగ్‌లో లోపాన్ని ఏ సెన్సర్ పట్టిస్తుంది?

నమస్తే అండీ. ఫ్రిక్షన్ స్టిర్ వెల్డింగ్ నడుస్తుండగానే అతుకు బాగా పడుతోందో లేదో కనిపెట్టే పద్ధతులను ఈ రోజు రివ్యూ చేద్దాం.

1991లో ఇంగ్లండ్‌లోని టీడబ్ల్యూఐ అనే వెల్డింగ్ పరిశోధన సంస్థలో పుట్టిన పద్ధతి ఇది. ఇందులో లోహం కరగదు. గిర్రున తిరిగే టూల్ రాపిడికి లోహం మెత్తబడుతుంది, టూల్ కొనన ఉండే పిన్ దాన్ని కలియతిప్పుతుంది. పైన నున్నగా కనబడినా లోపల పొడవునా సొరంగంలా ఖాళీ ఉండొచ్చు. కంటిచూపును నమ్మడానికి లేదు.

మొదటిది స్పిండిల్ మోటార్, అంటే టూల్‌ని తిప్పే మోటార్, తీసుకునే కరెంట్. చాలా మెషీన్లలో డ్రైవ్ నుంచే రీడింగ్ వస్తుంది, ఖర్చు తక్కువ. పెద్ద తేడాలు తెలుస్తాయి, చిన్న లోపాలు మాత్రం దాటిపోతాయి.

ఇన్‌ఫ్రారెడ్ కెమెరా మీద నాకు అంత నమ్మకం లేదండీ. అది చూసేది పైభాగాన్నే. పైగా అల్యూమినియం మెరుపు వల్ల రీడింగ్ తప్పుతుంది.

నా ఓటు టూల్ మీద పడే బలాన్ని కొలిచే ఫోర్స్ సెన్సర్‌కే. అయితే సగటు చూస్తే లాభం లేదు, ఊగిసలాట చూడాలి. నిమిషానికి 1200 చుట్లు అనుకోండి, అంటే సెకనుకు 20. టూల్ నిమిషానికి 300 మిల్లీమీటర్లు నడిస్తే ఒక్కో చుట్టుకు 0.25 మిల్లీమీటర్ ముందుకెళ్తుంది. లోహం సరిగ్గా కదులుతుంటే ఫోర్స్ కూడా ఆ చుట్ల లయలోనే ఊగుతుంది. ఖాళీలు ఏర్పడుతుంటే అంతకంటే నెమ్మదైన, క్రమం లేని ఊపులు తోడవుతాయి. సెకనుకు ఒక్క రీడింగ్ తీస్తే 5 మిల్లీమీటర్ల అతుకులో ఏం జరిగిందో తెలియకుండా పోతుంది! సెకనుకు కొన్ని వందల రీడింగులైనా కావాలి. సిస్టమ్ కొనేముందు మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

ఇక అసలు టెన్షన్ కిస్సింగ్ బాండ్‌తో. రెండు అంచులు తాకుతాయి, మధ్యలో ఆక్సైడ్ పొర మిగిలి అతుక్కోవు. ఖాళీ ఉండదు కాబట్టి ఎక్స్‌రేకు దొరకడం కష్టం, అల్ట్రాసౌండ్‌కీ తరచూ చిక్కదు. నమూనా ముక్కను అడుగువైపు సాగేలా వంచితే అక్కడ తెరుచుకుంటుంది. సిగ్నల్ చూసి దీన్ని కచ్చితంగా పట్టేస్తామని ఎవరైనా అంటే, వంపు పరీక్ష ఫలితాలు చూపించమనండి.

ఇంకొకటి. మిశ్రమలోహం, మందం, టూల్ వీటిలో ఏది మారినా అలారం హద్దులు మళ్లీ పెట్టుకోవాలి. ట్రయల్ ప్లేట్‌పై సిగ్నల్ చెదిరిన చోట గుర్తుపెట్టి కోయండి, బాగున్న చోటా కోయండి. రెండు ముక్కలనూ పాలిష్ చేసి, ఎచింగ్ (లోపలి నిర్మాణం కనబడేలా రసాయనం పూయడం) చేసి మైక్రోస్కోప్ కింద పోల్చి, అలారం ఎక్కడ మోగాలో అప్పుడు సెట్ చేయండి.