ఇంజిన్ తిరుగుతోంది, బండి కదలట్లేదు: పాత బుల్లెట్‌లో లోపం ఎక్కడ?

[తెరపై: సెంటర్ స్టాండ్ మీద పాత బుల్లెట్ 350, కుడి వైపు నుంచి]

నమస్కారం అండీ. రోడ్డు మీద పోతూ ఉండగా ఇంజిన్ ఒక్కసారిగా రేజ్ అయింది, బండి మాత్రం ఆగిపోయింది. గేరు పడుతోంది, క్లచ్ వదిలితే చలనం లేదు. ఇలాంటప్పుడు ఎక్కువగా వినిపించే మాట 'గేర్ బాక్స్ పోయింది'. అంత తొందర వద్దు. విప్పకుండానే చాలావరకు తేల్చుకోవచ్చు.

ముందు వెనక చైన్ చూడండి. లాక్ ఊడి చైన్ జారిపోతే అక్కడే తెలిసిపోతుంది.

చైన్ బాగుందా? ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, కిక్ మెల్లగా తొక్కండి.

[క్లోజప్: కిక్ రాడ్ మీద కాలు]

కుడికాలి గేరుండే ఈ నాలుగు గేర్ల బుల్లెట్‌లో కిక్ నేరుగా ఇంజిన్‌ని తిప్పదు. గేర్ బాక్స్‌లోని మెయిన్ షాఫ్ట్‌ని, అంటే క్లచ్ బిగించి ఉండే ఇరుసుని తిప్పుతుంది. అక్కడి నుంచి క్లచ్, దాన్ని ఇంజిన్‌తో కలిపే ప్రైమరీ చైన్, చివరికి ఇంజిన్. కాబట్టి కాలికి కంప్రెషన్ గట్టిగా తగిలితే క్లచ్, ప్రైమరీ చైన్ పనిచేస్తున్నట్టే. అప్పుడు అనుమానం గేర్ బాక్స్ మీదికి, వెనక చైన్‌ని తిప్పే దాని పళ్ల చక్రం, అంటే స్ప్రాకెట్ మీదికి పోతుంది.

కిక్ లూజుగా కిందికి పడిపోతే? కిక్ పళ్లు అరిగినా అలాగే పడుతుంది, అందుకే ఇంకో పరీక్ష. నాలుగో గేరు వేసి, వెనక చక్రం చేత్తో తిప్పండి. గేరు సరిగ్గా పడాలి సుమా, ఈ బాక్సుల్లో గేర్ల మధ్య దొంగ న్యూట్రల్ (ఏ గేరూ పడని చోటు) దొరకడం మామూలే. చైన్ తిరుగుతూ చక్రం తేలిగ్గా పోతోందంటే, కిక్ కూడా లూజే అంటే, లోపం క్లచ్‌లోనో ప్రైమరీ చైన్‌లోనో ఉంది.

[తెరపై: క్లచ్ లివర్]

క్లచ్, ప్రైమరీ చైన్ ఉండే ఎడమ వైపు కేసు విప్పే ముందు క్లచ్ కేబుల్ చూడండి. లివర్ దగ్గర రెండు మూడు మిల్లీమీటర్లయినా ఆట లేకపోతే క్లచ్ ఎప్పుడూ సగం నొక్కినట్టే ఉంటుంది, ప్లేట్లు జారతాయి. కేబుల్ కాస్త వదులు చేస్తే బండి కదిలినా కదలవచ్చు. అయితే అన్నాళ్లు జారిన ప్లేట్లు కాలిపోయి ఉంటే ఆ సర్దుబాటు ఇంటికి చేరడానికే పనికొస్తుంది.

అప్పటికీ కదలకపోతే కేసు తీయాల్సిందే. దాన్ని పట్టి ఉంచేది ఫుట్‌రెస్ట్ దగ్గరున్న ఒకే పెద్ద నట్టు. కింద ట్రే పెట్టడం మరవకండి, లోపలి ఆయిల్ అంతా నేల మీదికి వస్తుంది. ప్రైమరీ చైన్ తెగి ఉంటే కేసు తీయగానే కనిపిస్తుంది.

ఒకవేళ బండి టాప్‌లో, అంటే నాలుగో గేరులో మాత్రం లాగుతూ, మిగతా గేర్లలో కదలకపోతే, ఇక గేర్ బాక్స్ విప్పించండి. టాప్‌లో మెయిన్ షాఫ్ట్ నేరుగా స్ప్రాకెట్‌ని తిప్పుతుంది. మిగతా మూడు గేర్లకే లే షాఫ్ట్, అంటే గేర్ బాక్స్‌లోని రెండో ఇరుసు కావాలి, లోపం దాని దగ్గరే వెతకమనండి.