ఇంకొకరి చేతుల్లో మునక

శ్రోతలకు నమస్కారం.

గోదావరి పుష్కరాలకు వెళ్ళొచ్చినవాళ్ళు మీలో చాలామందే ఉంటారు. రేవులో దిగడం, ముక్కు మూసుకోవడం, మూడు మునకలు వేసి ఒడ్డుకు రావడం. ఎవరి మునక వారిదే. పన్నెండేళ్ళకు మళ్ళీ వస్తే మళ్ళీ వేయొచ్చు.

అదే నదిలో ఇంకోరోజు క్రైస్తవుల బాప్తిస్మం జరుగుతుంటే చూడండి. నీళ్ళు అవే, మునగడమూ ఉంటుంది. కానీ ఎవరూ తమంతట తాము మునగరు. ఇంకొకరు ముంచాలి, ఆ ఇంకొకరే పైకి లేపాలి. మన మాటలోనే ఈ తేడా దొరుకుతుంది. స్నానం "చేస్తాం". బాప్తిస్మం "తీసుకుంటాం". తీసుకోవాలంటే ఇచ్చే మనిషి ఉండాలి కదా.

యేసు కాలానికే యూదులకు శుద్ధి స్నానాలున్నాయి. అవి ఎవరికి వారు చేసేవే, అవసరమైనప్పుడల్లా చేసేవే. యోర్దాను నదిలో యోహాను మొదలుపెట్టిన పద్ధతి వేరు. తానే నీళ్ళలో నిలబడి, వచ్చినవాళ్ళను తన చేత్తో ముంచాడు. అది జనానికి ఎంత కొత్తగా తోచిందో ఏమో, ఆ పనే అతని పేరై కూర్చుంది. తెలుగు బైబిల్లో ఆయన "బాప్తిస్మమిచ్చు యోహాను". యేసు కూడా వెళ్ళి ఆ చేతుల్లోనే మునిగాడని సువార్తలు చెబుతాయి.

గ్రీకులో ఆ మాటకు ముంచడం అనే అర్థం. మన అనువాదకులు దాన్ని తెలుగు చేయకుండా బాప్తిస్మం అని అలాగే ఉంచారు. కేథలిక్కులు మాత్రం జ్ఞానస్నానం అన్నారు. వినడానికి ఇదే అందంగా ఉంటుంది, ఒప్పుకోవాలి. కాకపోతే స్నానం అనగానే మనకు మురికి వదలడమే గుర్తొస్తుంది. పౌలు రోమా సంఘానికి రాసిన లేఖలో చెప్పింది అంతకంటే పెద్ద మాట. బాప్తిస్మం అంటే క్రీస్తుతో కూడా పాతిపెట్టబడడం, ఆయనతో లేవడం అంటాడు. అంటే అది సమాధి. దాన్ని మనసులో పెట్టుకుని చూస్తే ముంచే తీరు అర్థమవుతుంది. పాస్టరుగారు నడుము లోతు నీళ్ళలో ఉంటారు. తీసుకునే మనిషి రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుంటే ఆయన ఒక చేత్తో వాటిని పట్టుకుని, రెండో చెయ్యి మెడ వెనక వేస్తారు. "తండ్రి యొక్కయు, కుమారుని యొక్కయు, పరిశుద్ధాత్మ యొక్కయు నామములో" అంటూ వెల్లకిలా వంచుతారు. మనిషిని పాడె మీద పడుకోబెట్టినట్టే ఉంటుంది. ఒక్క క్షణం మొహం మీదుగా నీళ్ళు కలిసిపోతాయి. మరుక్షణం లేపుతారు. ఒడ్డున పాట అందుకుంటారు.

పాతిపెట్టడం ఒక్కసారే కనుక బాప్తిస్మమూ ఒక్కసారే. ఈ లెక్క కొందరిని బాగా టెన్షన్ పెట్టింది. కడిగించుకున్నాక మళ్ళీ పాపం చేస్తే ఎలా అన్న భయం నాలుగో శతాబ్దంలో చాలామందికి ఉండేది. రోమ్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ క్రైస్తవాన్ని అంతగా ఆదరించాడు, మతపెద్దలను పిలిచి సభలు పెట్టించాడు. ఇంతా చేసి తాను బాప్తిస్మం తీసుకున్నది 337లో, మరణశయ్య మీద.

మరి నీళ్ళు ఎన్ని ఉండాలి? దీని మీద జరిగినంత తగువు ఇంకా దేని మీదా జరగలేదేమో. డిడాకే అని తొలినాళ్ళ క్రైస్తవుల చిన్న పుస్తకం ఒకటుంది. పారే నీళ్ళు మంచిదట, లేకపోతే వేరే నీళ్ళు, చల్లనివి కాకపోతే వెచ్చనివి, ఏవీ సరిపడా లేకపోతే తల మీద మూడుసార్లు పోస్తే చాలట. నీళ్ళ విషయంలో ఇంత సర్దుబాటు ఉంది గానీ, ఎవరికి ఇవ్వాలన్న తగువు తర్వాత ప్రాణాల మీదికి వచ్చింది. పసితనంలో ఇచ్చింది చెల్లదు, నమ్మి అడిగినవాళ్ళకే ఇవ్వాలి అన్నందుకు, మళ్ళీ ఇచ్చినందుకు, 1527లో జూరిక్‌లో ఫెలిక్స్ మాన్జ్ అనే ఆయన్ని లిమ్మట్ నదిలో ముంచి చంపారు.

ఆ తగువు మన ఇళ్ళలో ఇప్పటికీ ఉంది, ఇంత ఘోరంగా కాకపోయినా. కేథలిక్కులు, లూథరన్లు, దక్షిణ భారత సంఘం (సీఎస్ఐ) వాళ్ళు చంటిబిడ్డకు ఇస్తారు. బాప్టిస్టులు, పెంతెకొస్తు వాళ్ళు పెద్దయ్యాక ముంచుతారు. గుంటూరు లూథరన్ల అమ్మాయి ఒంగోలు బాప్టిస్టుల ఇంటికి కోడలిగా వెళ్తే, "చిలకరింపు లెక్కలోకి రాదమ్మా, మళ్ళీ తీసుకోవాలి" అని అత్తగారు, "మళ్ళీ అంటే మా పాస్టరుగారిచ్చింది ఉత్తదేనా" అని పుట్టింటివాళ్ళు. నాకు మాత్రం ఇద్దరూ ఒకే మాటలో చెరో సగం పట్టుకున్నారనిపిస్తుంది. బాప్తిస్మం ఇంకొకరు ఇచ్చేది. అలాంటప్పుడు ఏమీ చేయలేని బిడ్డ కంటే బాగా పుచ్చుకునేది ఎవరు అని మొదటివాళ్ళ వాదం. పుచ్చుకోవాలంటే చెయ్యి చాపాలి కదా అని రెండోవాళ్ళది. కేథలిక్కులు ఈ ఇచ్చే చేతిని ఎంత దూరం తీసుకెళ్ళారంటే, ప్రాణం పోయే సమయంలో గురువు అందుబాటులో లేకపోతే, ఎవరైనా ఇవ్వొచ్చు. సరైన ఉద్దేశంతో నీళ్ళు పోసి ఆ మాటలంటే చాలు, ఆ ఇచ్చే మనిషి క్రైస్తవుడు కాకపోయినా అది చెల్లుతుంది.

ఇక మన గుండ్లకమ్మ కథ చెప్పాలి.

1876 నుంచి 78 దాకా దక్షిణాదిని పెద్ద కరువు తినేసింది. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఉండేవాడు. జనానికి పని దొరకాలని బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్ళకు పైగా కాంట్రాక్టు తీసుకున్నాడు. కూలికి వచ్చినవాళ్ళలో మాదిగలు చాలామంది. మేస్త్రీలుగా ఉన్నది ఆయన బోధకులే. పగలు మట్టిపని, విరామంలో కబుర్లు, ఆ కబుర్లలో క్రీస్తు మాట. వింటూ వింటూ చాలామంది బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. తిండి గింజల కోసం అడుగుతున్నారో నమ్మి అడుగుతున్నారో తేల్చుకోలేక, ఆ కరువులో పదిహేను నెలలపాటు ఒక్కరికీ ఇవ్వలేదు.

సహాయ నిధులు అయిపోయాక, ఇక పంచడానికి ఏమీ లేదని అందరికీ తెలిశాక కూడా జనం వచ్చారు. ఒంగోలుకు ఉత్తరాన పది మైళ్ళలో వెలంపల్లి దగ్గర, ట్రంకు రోడ్డు గుండ్లకమ్మను దాటే రేవు. 1878 జూలై 3న, పొద్దున ఆరింటికి మొదలుపెట్టారు. నీళ్ళలో దిగింది క్లౌ కాదు, ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరు చొప్పున ముంచడం, వాళ్ళు అలిసిపోతే ఇంకో ఇద్దరు దిగడం. ఒడ్డున పేర్లు చదువుతుంటే ఒక్కొక్కరే వచ్చారు. పదకొండింటికి ఆపి, రెండింటికి మళ్ళీ మొదలుపెట్టి, చీకటి పడేవేళకు ముగించారు. 2,222 మంది. ముందురోజు 614, మర్నాడు 700.

లెక్కేస్తే మనిషికి అర నిమిషం. ఇంత గుంపుగానా, ఇదేం మతం మారడం అని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. ఆకలినీ నమ్మకాన్నీ ఇంత చక్కగా విడదీయొచ్చని నేననుకోను, క్లౌ కూడా విడదీయగలిగాడని చెప్పలేను. కానీ ఆ అర నిమిషం వెనక పదిహేను నెలలున్నాయి. ఊరి బావిని తాకనివ్వని మనిషిని, రోడ్డు పక్క రేవులో అందరూ చూస్తుండగా, పేరు పెట్టి పిలిచి, మెడ కింద చెయ్యి వేసి పట్టుకున్నారు. ఆ చెయ్యి ఎలా తగిలి ఉంటుందో నేను చాలాసార్లు ఊహించుకున్నాను.

వెనకాడడానికి ఇప్పుడు కారణాలు వేరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారిన దళితులకు ఎస్సీ హోదా ఉండదు. మన రాష్ట్రంలో వాళ్ళు బీసీ-సీ కింద లెక్క. ప్రతి ఆదివారం గుడికి వెళ్తూ కూడా నీళ్ళ దగ్గర ఆగిపోయిన కుటుంబాలు నాకు తెలుసు. వాళ్ళను తప్పుపట్టే నోరు నాకు లేదు.

మా నాయనమ్మ ఆగిపోయింది మాత్రం సర్టిఫికెట్ కోసం కాదు, నీళ్ళంటే భయంతో. ఇరవై ఏళ్ళు గుడికి వెళ్ళింది. డెబ్బై దాటాక సరేనంది. తీరా రోజు అనుకునేసరికి వేసవి వచ్చి కాలువ కట్టేశారు. గుళ్ళో తొట్టి కట్టిస్తాం మామ్మగారూ అన్నారు పాస్టరుగారు. "తొట్లో మునగడానికి నేనేమన్నా గేదెనా" అంది. నీళ్ళు వదిలేదాకా ఆగారు.

కొత్త నీళ్ళు, ఎర్రగా, వడిగా. తెల్ల చీర కొంగు నడుముకు బిగించి దిగింది. పాస్టరుగారు మా నాన్న కంటే చిన్నవాడు. "యేసుక్రీస్తును మీ సొంత రక్షకుడిగా అంగీకరిస్తున్నారా?" అని అడిగారు. "ఆ, అంగీకరిస్తున్నాను గానీ, జాగ్రత్త బాబూ, నాకు ఈత రాదు" అంది. ఒడ్డు మీద అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. మునిగింది, లేచింది, దగ్గింది. మా అత్తయ్య తువ్వాలు పట్టుకుని మెట్టు దాకా దిగింది.

మెట్టు మీద కూర్చుని, జుట్టు పిండుకుంటూ, నాతో మెల్లగా అంది: "ఆ అబ్బాయి పట్టు గట్టిదేరా."