బాండ్లు ముందు చెప్తాయి, ఉద్యోగాలు చివర్లో చెప్తాయి

శ్రోతలందరికీ నమస్కారం అండి. దేశం ఆర్థికంగా ఎలా ఉంది అనగానే అందరం జీడీపీ ఎంత అని అడుగుతాం, కానీ చాలా దేశాల్లో ఆ లెక్క మూడు నెలలకోసారి వస్తుంది, అది కూడా అయిపోయిన మూడు నెలలది, పైగా తర్వాత సవరిస్తారు. అందుకే నేను ఇంకో మూడు చూస్తుంటాను, జనం ఇళ్లలో డబ్బు, ఉద్యోగాలు, బాండ్ మార్కెట్. ఈ మూడూ ఒకేసారి నోరు విప్పవు, అది తెలీకపోతే తప్పుగా అర్థం చేసుకుంటాం.

బాండ్ అంటే ప్రభుత్వం అప్పు తీసుకుని రాసిచ్చే పత్రం. వంద విలువున్న బాండ్ మీద ఏటా ఐదు వడ్డీ వస్తోందనుకోండి, దాన్ని మార్కెట్లో ఎనభైకే కొన్నవాళ్ళకి కూడా ఆ ఐదే వస్తుంది, అంటే 6.25 శాతం గిట్టినట్టు. ధర పడితే రాబడి పెరుగుతుంది, అంతే. మామూలుగా రెండేళ్ళ అప్పు కంటే పదేళ్ళ అప్పు మీద ఎక్కువ రాబడి ఉండాలి, అది తిరగబడిందంటే ముందు ముందు వడ్డీలు తగ్గించాల్సినంత మందగమనం వస్తుందని మార్కెట్ అనుకుంటోందన్నమాట.

అమెరికాలో 2006లో అలా తిరగబడింది, మాంద్యం 2007 డిసెంబర్లో మొదలై 2009 జూన్‌లో ముగిసింది, నిరుద్యోగం మాత్రం 10 శాతానికి చేరింది 2009 అక్టోబర్లో! మాంద్యం ముగిశాక కూడా జనం రోడ్డున పడుతూనే ఉన్నారు, ఎందుకంటే వ్యాపారం కాస్త కోలుకున్నా కంపెనీలు వెంటనే కొత్తవాళ్ళని తీసుకోవు, నమ్మకం కుదిరేదాకా ఉన్నవాళ్ళతోనే లాగిస్తాయి. అలాగని బాండ్ మాటే వేదం కాదండి, 2022లో మళ్ళీ తిరగబడి రెండేళ్ళ దాకా అలాగే ఉంది, ఆ రెండేళ్ళలో మాంద్యం రాలేదు.

ఇక నిరుద్యోగం లెక్క. అంతర్జాతీయంగా వాడే పద్ధతిలో వారంలో ఒక్క గంట జీతానికి పనిచేసినా ఉద్యోగం ఉన్నట్టే. పని వెతుకుతున్నవాళ్ళనే నిరుద్యోగులు అంటారు, విసిగిపోయి వెతకడం మానేసినవాళ్ళు ఆ లెక్కలోంచే పోతారు, అప్పుడు నిరుద్యోగం తగ్గినట్టు కనపడుతుంది. ఒక మనిషి ఆశ వదిలేసుకోవడం మంచి వార్తలా అచ్చవుతుందంటే నాకు నిజంగా బాధేస్తుంది. అందుకే పనిచేసే వయసున్న జనంలో ఎంతమంది పనిలో ఉన్నారో కూడా పక్కన పెట్టుకుని చూడాలి.

ఇంటి లెక్కల్లోనూ ఇలాంటిదే ఉంది, పొదుపు పెరిగింది కదా అని సంతోషపడలేం. 2020 ఏప్రిల్లో అమెరికాలో పొదుపు ఆదాయంలో 30 శాతం దాటింది, అదే నెల నిరుద్యోగం 14 శాతం పైనే. సర్కారు సాయం చేతికొచ్చింది, ఖర్చు పెట్టే దారులు మూతపడ్డాయి, భయం కూడా తోడైంది, అంతేగానీ జనం బాగుపడి కాదు.

నేను పొదుపు కన్నా కిస్తీలే చూస్తాను. ఆదాయంలో ఎంత భాగం కిస్తీలకే పోతోంది, పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు చేస్తున్నారా, కార్డు మీద మినిమమ్ కట్టి నెట్టుకొస్తున్నారా. కిస్తీ తప్పేవాళ్ళు నెలనెలా పెరుగుతున్నప్పుడు నిరుద్యోగం అంకె ఎంత బాగున్నా నేను నమ్మను.