అక్కి కాదది

సభాధ్యక్షురాలికి, మహిళా సమాజం సభ్యులకు, ఇంత వానలోనూ టి.నగర్ దాకా వచ్చిన మీ అందరికీ నమస్కారం. నిర్వాహకులు నాకిచ్చిన అంశం వానకాలంలో చర్మ సంరక్షణ. వారు నన్ను మన్నించాలి. ముప్ఫై ఏళ్లుగా ఈ చెన్నై నగరంలో చర్మవైద్యం చేస్తున్న నేను, ఇంతమంది తెలుగు ఆడవాళ్లను ఒక్కచోట చూశాక, రొమ్ము క్యాన్సర్ చర్మానికి పాకే తీరు గురించి తప్ప మరో మాట మాట్లాడలేను.

మా పిన్ని సూళ్లూరుపేట దగ్గర పల్లెలో ఉండేది. ఎడమ రొమ్ము తీసేసిన ఆరేళ్లకు, ఒక సంక్రాంతి ముందు, ఆ వైపు పక్కటెముకల వెంబడి ఎర్రటి పొక్కులు వరుసగా లేచాయి. ఊరంతా అక్కి అన్నారు. కుమ్మరి తాతను పిలిపించి జాజుతో సింహం బొమ్మ వేయించారు. తగ్గకపోయేసరికి పిన్ని నాకు ఫోన్ చేసింది. మంటగా ఉందా అని అడిగాను, జ్వరం వచ్చిందా అని అడిగాను. ఆపరేషన్ జరిగిన వైపేనా అని మాత్రం అడగలేదు. అక్కే అయి ఉంటుందని మాత్రల పేరు చెప్పాను. ఆ తప్పు నాది. తర్వాత చూసిన డాక్టరు నెలకో ఆయింట్‌మెంట్ మార్చారు గాని, పైట తొలగించి కోత మచ్చ చూపించమని అడగలేదు. సిగ్గుకొద్దీ ఆమె చెప్పనూ లేదు. ఏడు నెలల తర్వాత రైలెక్కి నా దగ్గరికి వచ్చేసరికి ఎడమ ఛాతీ మీది చర్మమంతా చెక్కలా బిగుసుకుపోయి ఉంది. అక్కి నొప్పి పెట్టి, సాధారణంగా మూడు నాలుగు వారాల్లో ఎండిపోతుంది. నెలల తరబడి ఉన్నది అక్కి కాదని తెలియడానికి నా చదువు కూడా అక్కర్లేదు, వారాలు లెక్కపెట్టి ఉంటే చాలు.

ఇది ఎలా పాకుతుందో చెబుతాను. కణితిలోని కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండే గుణం కోల్పోయి, రొమ్ములోని సన్నని లింఫు నాళాల్లోకి, అంటే లింఫు అనే పలచటి ద్రవాన్ని మోసే గొట్టాల్లోకి, దిగుతాయి. ఆ నాళాలలో ఎక్కువ భాగం చంకలోని లింఫు గ్రంథులకే చేరతాయి. ఆ గ్రంథులు క్యాన్సర్‌తో నిండిపోయినా, ఆపరేషన్‌లో తీసేసినా, కాలువ పూడినప్పుడు నీరు వెనక్కి తన్ని పొలం మీదికి ఎక్కినట్టు, లింఫు ద్రవం ఆ కణాలను మోసుకుని చర్మంలోని నాళాల వలలోకి మళ్లగలదు. అందుకే ఛాతీ మీది చర్మం, కోత మచ్చ చుట్టుపక్కల చోటు అన్నిటికంటే ముందు దెబ్బతింటాయి. నాళాలు మూసుకుపోయిన చోట చర్మం ఎర్రబడి, వేడెక్కి, ఇన్ఫెక్షన్ సోకినట్టు కనిపిస్తుంది. కాని సాధారణంగా జ్వరం ఉండదు, యాంటీబయాటిక్‌కు లొంగదు. ఉబ్బిన చర్మంలో వెంట్రుకల కుదుళ్లు లోపలికి లాగి ఉండటం వల్ల కమలాపండు తొక్క మీది గుంటల్లా కనబడుతుంది. కొందరిలో నారలాంటి కణజాలం పేరుకుని ఛాతీకి కవచం తొడిగినట్టు అవుతుంది. మా పిన్నికి జరిగింది అదే.

రక్తంలో పడిన కణాలు ఇంకా దూరం పోతాయి. తలమీది చర్మంలో నాటుకుంటే అక్కడ జుట్టు గుండ్రంగా ఊడుతుంది. దాన్ని మనం పేనుకొరుకుడు అంటాం. అలాగే రొమ్ములోనే ఉన్న క్యాన్సర్ చనుమొన మీద పొలుసులుగా రేగి, రసి కారితే తామర అంటాం. చనుమొన మీది ఈ పుండు వెనుక క్యాన్సర్ ఉంటుందని ఇంగ్లండ్ సర్జన్ జేమ్స్ పాజెట్ 1874లోనే రాశారు. ఆయన కుమారుడు స్టీఫెన్ పాజెట్, రొమ్ము క్యాన్సర్‌తో మరణించిన 735 మంది శవపరీక్షల వివరాలు పరిశీలించి, క్యాన్సర్ కణం విత్తనమైతే అది మొలిచే అవయవం నేల అని 1889లో ప్రతిపాదించారు. స్త్రీలలో లోపలి అవయవాల నుంచి చర్మానికి పాకే క్యాన్సర్లలో రొమ్ము క్యాన్సర్‌దే మొదటి స్థానం కాబట్టి, ఆ విత్తనానికి చర్మం పనికిరాని నేల అనుకోవడానికి లేదు.

అమ్మా, మీలో ఆపరేషన్ అయినవాళ్లు ఉంటే దయచేసి ఈ మాట వినండి. పదేళ్లు గడిచినా సరే, ఆ వైపు నొప్పిలేని గట్టి గడ్డ తేలినా, వారాలు గడిచినా ఎరుపు తగ్గకపోయినా, పూత మందుతో సరిపెట్టుకోకండి. ముక్క తీసి పరీక్షకు పంపమని మీరే అడగండి. తీసేది నాలుగు మిల్లీమీటర్ల ముక్క, చిన్న మత్తు సూది చాలు. ఆ ముక్కలో ఈఆర్, పీఆర్ అనే హార్మోను గ్రాహకాలు, హెర్2 అనే ప్రొటీన్ ఎలా ఉన్నాయో చూసే పరీక్షలు మళ్లీ చేయించాలి. మొదటి కణితిలో ఉన్న గుణం చర్మంలోకి వచ్చేసరికి మారి ఉండవచ్చు, దాన్నిబట్టే మందు మారుతుంది. కోత పక్కనే వచ్చినదీ, దూరాన పొట్టమీదో తలమీదో వచ్చినదీ ఒకటి కావు. ఎంతవరకు పాకిందో స్కాన్లలో చూసి హార్మోను మాత్రలా, కీమోథెరపీయా, రేడియేషనా, గడ్డ తీసేయడమా అన్నది క్యాన్సర్ వైద్యులు తేలుస్తారు. డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి గారు, తన చెల్లెలు క్యాన్సర్‌తో చనిపోయిన బాధతో పట్టుబట్టి, అడయారులో 1954లో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ పెట్టించిన ఊరు ఇది. అలాంటి ఊరికి రైలు దూరంలో ఉండి కూడా మేము ఏడు నెలలు పోగొట్టుకున్నాం.

ఇంకొక మాట చెప్పకుండా ఉండలేను. పుండు పడి వాసన వచ్చాక పిన్నికి కంచం వేరు చేశారు, పక్క వరండాలోకి మార్చారు. ఇది అంటువ్యాధి కాదు. ముట్టుకుంటే రాదు, గుడ్డలు ఉతికితే రాదు. వాసన పుండులో చేరిన సూక్ష్మజీవులది. ఆ సూక్ష్మజీవులను చంపే మెట్రోనిడజోల్ అనే మందు పూస్తే చాలామందిలో తగ్గుతుంది. నేను అది రాసిచ్చిన వారానికి ఆమె మనవడు మళ్లీ పక్కలోకి వచ్చి పడుకున్నాడు. ఆమె ఆ తర్వాత పద్నాలుగు నెలలు బతికింది.

వేదిక వెనుక గదిలో తలుపు వేసుకుని చూసే ఏర్పాటు చేయించాను, నాతో నర్సు కూడా ఉంది. సభ ముగిశాక ఎనిమిది గంటల దాకా అక్కడే ఉంటాను. ఆపరేషన్ అయినవాళ్లు, మీ అమ్మకో అత్తకో అయినవాళ్లు వచ్చి మాట్లాడండి.